సరోజన సిగిడి

సరోజన దినాలు అయిపోయి చుట్టాలంతా ఎవరి బస్సుకు వాళ్ళు వెళ్ళిపోతున్న పొద్దున, దాని బిడ్డ శిరీష ఇంటి వెనక నుంచి ఒక బరువైన వస్తువును యూరియా సంచిలో చుట్టి తెచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టింది. విప్పకముందే అది దాని సిగిడి అని, చలికి కాచుకునే బొగ్గుల పొయ్యి అని నాకు తెలిసింది. సంచి అడుగున చిరుగులోంచి బూడిద రాలుతోంది. "అవ్వ ఇది నీకే ఇయ్యమన్నదత్తా" అన్నది శిరీష. "దవాఖానల ఉన్నప్పుడు మల్ల మల్ల చెప్పింది. సలికాలమొస్తె మీ సుగుణత్త ఎప్పుడూ దర్వాజ కాడనే కూసుంటది, దగ్గరికి రమ్మంటె రాదు, నేను పోయినంకనన్న జర దగ్గర కూసోమను అన్నది." అంత చెప్పి నవ్వబోయి ఏడ్చింది. నేను మాత్రం ఏడవలేకపోయాను. ఆ సంచి వంక చూస్తూ అట్లాగే కూర్చున్నాను.

ఆ సిగిడి విషయంలో సరోజనకు తెలియకూడని మాట ఒకటి ఉంది. పడుచుతనంలో హాస్టల్‌లో ఉన్న మా ముగ్గురు దోస్తులకు జరిగిన ఒక ఆపదకు సంబంధించిన మాట. అది దాని చెవిన పడకుండా చూసుకోవడమే నా బతుకులో నేను చేసిన పెద్ద పని అనుకుంటాను. పిల్లల్ని పెంచాను, పొలం చేశాను, అత్తమామలను సాగనంపాను, అవన్నీ అందరూ చేసేవే. ఈ ఒక్కటి మాత్రం నాకొక్కదానికే అప్పజెప్పినట్టు వచ్చింది. సరోజన అది తెలియకుండానే బతికింది, తెలియకుండానే పోయింది. ఇప్పుడు దాచిపెట్టాల్సిన మనిషి లేదు.

మాది చొప్పదండి దగ్గర పల్లె. నేను పది పాసైతే మా బాపు ఊరంతా బెల్లం పంచాడు. ఆడపిల్ల ముందుకు చదవాలంటే ఎక్కడ చదవాలనే ముచ్చట వచ్చినప్పుడు, ఆదిలాబాద్‌లో జిన్నింగ్ మిల్లులో పనిచేసే మా మేనమామ, "ఈడ ఆడపిల్లల కాలేజుంది, హాస్టలుంది, నేనున్న, ఫికర్ చెయ్యకు బావా" అని నన్ను తీసుకుపోయాడు. నా కాలేజీ చదువు ఎంత అంటే, వానలు పడేటప్పుడు పోయాను, చలి ముదరకముందే తిరిగి వచ్చాను. అంతే. అక్కడ చెప్పిన పాఠాలు ఒక్కటీ గుర్తులేవు. ఆ హాస్టల్‌లో ఏ మెట్టు విరిగి ఉండేదో, నీళ్ళ గోళెం మీద మూత ఎట్లా చప్పుడయ్యేదో మాత్రం ఇప్పుడు కళ్ళు మూసుకున్నా చెప్పగలను.

ఆ హాస్టల్ ఒకప్పుడు ఎవరో పత్తి సేటు ఇల్లట. కింద పాత గూనపెంకుల గదులు, మీద కొత్తగా స్లాబ్ వేసి కట్టిన ఒకే ఒక్క గది. చుట్టూ గాజుపెంకులు గుచ్చిన ఎత్తు గోడ, ముందర ఇనుప గేటు. గేటు తాళం వార్డెన్ మేడం కొంగుకు ఉండేది. ఆమె బయటికి పోతే బయట నుంచి తాళం వేసుకుని పోయేది. ఆడపిల్లలను ఆమె మీద నమ్మకంతో పంపారు గదా, తాళమే ఆమెకు ధైర్యం. వంట పోసవ్వ చేసేది. పొద్దున్నే కట్టెల పొగ, ఉడుకుతున్న రవ్వ, తడిసిన గోడల పాకుడు వాసన. మధ్యాహ్నమైతే మిల్లుల వైపు నుంచి పత్తి దూది ఎగిరి వచ్చి దండెం మీద బట్టలకు, మా జడలకు, అన్నం పళ్ళేలకు కూడా అంటుకునేది. మా పోసవ్వ ఆ దూదిని పప్పులోంచి వేలితో తీసేస్తూ, "తినుండ్రి బిడ్డా, కడుపుల మెత్తగుంటది" అనేది.

ఆ పై గది దొరికినందుకు మేము ముగ్గురం ఎంత మురిసిపోయామో. నేను, సరోజన, గంగామణి. సరోజన బొగ్గు బాయిల కాలనీ పిల్ల. దానిది పెద్ద గొంతు, పెద్ద నవ్వు, వాళ్ళ బాపు ఆ బాయిలో, అంటే గనిలో, దిగి పనిచేసేవాడు. గంగామణిది నిర్మల్. వాళ్ళమ్మ కొయ్యబొమ్మలకు రంగులు వేసేది. తండ్రి లేడు. గంగామణి మాట్లాడితే పక్కనున్నవాళ్ళకు కూడా వినపడేది కాదు, మనిషి ఎంత ఉండేది, చేతిలో పట్టేటంత. దానికి చలి అంటే ప్రాణం పోయేది. ఆదిలాబాద్ చలి తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. కింద పెంకుటి గదుల్లో ఉన్నవాళ్ళు మా స్లాబును చూసి కుళ్ళుకునేవాళ్ళు గానీ, దీపావళి దాటేసరికి ఆ సిమెంటు గది లోపల నీళ్ళ కుండలో కూర్చున్నట్టు ఉండేది. కిటికీ రెక్కల సందుల్లో పాత బట్టలు కుక్కాము. తలుపు కింద గోనెపట్టా దోపాము. అయినా పొద్దున లేస్తే గంగామణి కాళ్ళు మంచుముద్దలు. సరోజన ఆ కాళ్ళను తన రెండు పిక్కల మధ్య ఇరికించుకుని, "గివి కాళ్ళానే, చేపలానే" అనేది.

హాస్టల్‌కు వచ్చినప్పుడే సరోజన బాపు ఒక గోనెసంచి బొగ్గు, ఒక సిగిడి పట్టుకొచ్చాడు. సిగిడి అంటే పాత ఇనుప బకెట్టుకు లోపల మట్టి మెత్తి, నడుమ ఇనుప చువ్వలు పెట్టి, కింద గాలికి ఒక నోరు కోసిన పొయ్యి. బాయిల కాలనీలో ప్రతి ఇంటి ముందర ఒకటి ఉండేదట. పొద్దుగూకితే ఆడవాళ్ళంతా బయట అంటుపెట్టి, పొగ అంతా పోయి బొగ్గు ఎర్రగా అయ్యేదాకా ఆగి, అప్పుడు ఇంట్లోకి తెచ్చుకుంటారు. అదే వంటకు, అదే చలికి. పొగ పోకముందే లోపలికి తెచ్చిందంటే తల్లి చేత దెబ్బలు పడేవట సరోజనకు. ఆ ఇళ్ళు పెంకుటిళ్ళు. పెంకుల సందుల్లోంచి వాన పడేది, వెన్నెల పడేది, గాలి పోయేది. పుట్టిన దగ్గర నుంచి సిగిడి పక్కనే పెరిగిన పిల్లకు దానితో జాగ్రత్త అంటే పొగ ఒక్కటే. పొగ పోయిందంటే భయం పోయినట్టే. హాస్టల్‌లో ఆ సిగిడిని పోసవ్వ వంటింటి చాటున పెట్టుకుని రొట్టెలు కాల్చేది.

ఆదివారం తలస్నానాలు. ఆ ఆదివారం మబ్బు పట్టి, మంచు దిగకుండా అట్లాగే నిలబడి ఉంది. మేడం సంతకు పోయింది, గేటుకు తాళం పడింది. గంగామణి తలకు పోసుకుని వచ్చి పళ్ళు కటకటలాడిస్తూ నిలబడింది. పెదవులు నల్లబడ్డాయి. దాని జుట్టేమో పిక్కల దాకా ఉండేది, ఎండ లేకపోతే పగలంతా ఆరదు. సరోజన దాన్ని చూసి, "ఆగు, నీ సంగతి నేను జూస్త" అని కిందికి పోయి సిగిడి అంటుపెట్టింది. వాళ్ళమ్మ నేర్పినట్టే పెరట్లో పెట్టి, విసిరి, పొగ అంతా పోయేదాకా చలిలో కాచుకుని కూర్చుంది. ఆ తర్వాత రెండు గుడ్డలు పట్టుకుని ఎర్రటి సిగిడిని మెట్లెక్కించింది. మా దగ్గర బాలింతలకు చేసే పని మీకు తెలుసు. తలకు పోసి, నులక మంచం మీద పండబెట్టి, మంచం కింద నిప్పులు పెట్టి, జుట్టు మంచం అంచు నుంచి కిందికి వదిలి ఆరబెడతారు. సరోజన వాళ్ళ వదిన కాన్పుకు అదంతా చూసింది. గంగామణిని అట్లాగే పండబెట్టింది, మీద రెండు దుప్పట్లు కప్పింది.

"మా వదినకు గిట్లనే జేసిండ్రు. ఇగ నువ్వు బాలింతవే గంగా, లెవ్వకు" అన్నది.

"బాలింతనైతె బిడ్డేది మరి?" అన్నది గంగామణి దుప్పటి లోంచి.

"బిడ్డ సుగుణనే. చూడు, ఆకలైతుందని మొఖం ఎట్ల పెట్టిందో."

ఆదివారం బియ్యం ఏరే వంతు నాది. "మీ బాలింత పథ్యానికి బియ్యం ఏరి వస్త, నాకూ జర జాగ ఉంచుండ్రి" అని నేను కిందికి దిగాను. నా వెనక సరోజన తలుపు గొళ్ళెం పెట్టుకున్న చప్పుడు వినిపించింది. చలి గాలి లోపలికి రావద్దని పెట్టుకుంది. గంగామణి నవ్వు కూడా వినిపించింది. ఆ నవ్వు ఎప్పుడూ వినిపించేది కాదు, ఆ రోజే వినిపించింది.

బియ్యంలో రాళ్ళు ఎక్కువ ఉన్నాయి. పోసవ్వ ముచ్చట్లు ఇంకా ఎక్కువ. అన్నానికి ఎసరు పెట్టి, చారుకు పోపు వేసేదాకా నేను అక్కడే ఉన్నాను. పిలుద్దామని మెట్లెక్కి తలుపు తట్టాను. పలకలేదు. నన్ను ఆటపట్టిస్తున్నారనుకున్నాను. "బిడ్డకు బువ్వ పెట్టవా అవ్వా" అని నేను కూడా ఆట మాటే అన్నాను. లోపల ఒక్క చప్పుడు లేదు. తలుపుకు చెంప ఆనిస్తే చెక్క వెచ్చగా తగిలింది. అప్పుడు నాకు భయమేసింది. ఎందుకో చెప్పలేను. పొగ వాసన లేదు, మంట లేదు. వెచ్చటి తలుపు, లోపల ఇద్దరు పలకని ఆడపిల్లలు.

నా కేకలకు పోసవ్వ రోకలి పట్టుకుని వచ్చింది. కింది పిల్లలు వచ్చారు. తలా ఒక దెబ్బ వేస్తే గొళ్ళెం ఊడింది. తలుపు పక్కనే, కింద, సరోజన గోడకు ఆనుకుని కూర్చుని ఉంది, తల ఒళ్ళోకి వాలింది. ఒక చెయ్యి గొళ్ళెం వైపు సగం లేచి పడిపోయినట్టు ఉంది. తల నొప్పి పెట్టి లేవబోయిందో ఏమో. గంగామణి మంచం మీద మేం పండబెట్టినట్టే ఉంది. జుట్టు ఆరిపోయి కింద నిప్పు వేడికి మెల్లగా కదులుతోంది. దాని చెంపలు ఎర్రగా ఉన్నాయి. ఎన్నడూ అంత కళగా చూడలేదు దాన్ని, వాళ్ళమ్మ బొమ్మకు రంగు వేసినట్టు ఉంది. "మంచిగనే ఉన్నరు గదే, నిద్రవోయిండ్రు" అన్నది ఒక పిల్ల. మేమంతా ఒక్క క్షణం అదే నమ్మాము. నేను గంగామణి భుజం పట్టి లేపాను. మెడ ఒక పక్కకు వాలింది.

ఇద్దరినీ దుప్పట్లలో వేసి వాకిట్లోకి దించాము. మాలో ఒక్కరికీ సిగిడి మీద అనుమానం రాలేదు. పొగ లేని నిప్పు మనిషిని ఏం చేస్తుంది అనుకున్నాము. పోసవ్వ గాలి సోకిందని వేపమండ తెచ్చింది. ఒక పిల్ల ఉల్లిగడ్డ చితక్కొట్టి ముక్కు దగ్గర పెట్టింది. ఒకతె చెంపల మీద నీళ్ళు చల్లింది. నేను గంగామణి కాళ్ళకు బూడిద పెట్టి రుద్దుతున్నాను, ఆ కాళ్ళు వెచ్చగా ఉన్నాయి, మొదటిసారి వెచ్చగా ఉన్నాయి, అందుకని బతికే ఉందని నాకు నేను చెప్పుకుంటున్నాను. సరోజన ఒకసారి మూలిగి వాంతి చేసుకుంది. గంగామణి ఏమీ చెయ్యలేదు. "దవాఖానకు దీస్కపోవాలె" అన్నది పోసవ్వ. అప్పుడు అందరం గేటు వైపు చూశాము.

ఆ తాళాన్ని మేము రాయితో కొట్టాము, రోకలితో కొట్టాము. పోసవ్వ గేటు చువ్వలు పట్టుకుని బజారు వైపు మేడంను పేరు పెట్టి పిలుస్తోంది. ఎవరు వింటారు. ఆ తాళం మమ్మల్ని కాపాడటానికి వేసింది గదా, చాలా గట్టిది. ఆనాటి ఆ ఇనుప చప్పుడు ఇప్పటికీ నాకు అప్పుడప్పుడు వినిపిస్తుంది. మన పక్కన మనిషి ఊపిరి తగ్గిపోతుంటే, మనం ఆడపిల్లలం కాబట్టి పెట్టిన తాళాన్ని మనమే కొడుతూ ఉండటం, అంతకంటే దిక్కులేనితనం నేను తర్వాత ఎప్పుడూ చూడలేదు.

పక్క గోడ అవతల మిల్లుకు పోయే బాట. పత్తి కాలం కాబట్టి ఆ బాట నిండా బండ్లు వరసగా నిలబడి ఉంటాయని నాకు తెలుసు, మా మేనమామ చెప్పేవాడు, వరసలో ఉన్నవాళ్ళు రేపటికి గానీ లోపలికి పోలేరని. నీళ్ళ గోళెం ఎక్కి, గాజుపెంకుల మీద గోనెసంచి పరిచి గోడ పైకి లేచాను. కింద ఒక బండి. తెల్లటి పత్తి గోడ ఎత్తుకు నిండి ఉంది. దాని పక్కన తలకు రుమాలు చుట్టిన ముసలాయన చుట్ట కాలుస్తున్నాడు. నేను నోరు తెరిస్తే ఏడుపు వచ్చింది.

"కాయ్ ఝాలం పోరీ?" అన్నాడాయన. ఏమైంది పిల్లా అని మరాఠీలో.

"చచ్చిపోతున్నరు కాకా. మా దోస్తులు. గేటుకు తాళముంది" అన్నాను.

ఆయన చుట్ట పారేశాడు. "బండి గోడకు ఆనిస్త. మీదికెంచి ఇయ్యుండ్రి, పత్తిల పడ్తరు, దెబ్బ తగల్ది" అని ఎద్దుల ముకుతాడు పట్టుకుని వరసలోంచి బండిని పక్కకు తిప్పాడు. వెనకనున్నాయన, "మారుతీ, నంబర్ పోతది, మల్ల రేపటిదాకా ఉండాలె" అని అరిచాడు. "పోనీ రా" అన్నాడు ఈయన. ఆయన పేరు మారుతి అని అట్లా తెలిసింది. ముందు సరోజనను, తర్వాత గంగామణిని దుప్పటి నాలుగు మూలలు పట్టి గోడ మీదికి లేపాము. నా మోచేతికి, పోసవ్వ అరచేతికి గాజు దిగింది. అవతల మారుతి కాక పత్తి మీద నిలబడి చేతులు చాపి అందుకున్నాడు. పోసవ్వను మిగతా పిల్లల దగ్గర ఉంచి నేను గోడ మీద నుంచి పత్తిలోకి దూకాను.

ఆ బండి మీద దవాఖాన దాకా పోయిన బాట నాకు ఎంత పొడుగో చెప్పరాదు. ఒక తొడ మీద సరోజన తల, ఒక తొడ మీద గంగామణి తల. ఎద్దులను కాక పరుగెత్తించాడు, పత్తి కట్లు తెగి వెనక బాట మీద దూది పోతోంది, ఆయన తిరిగి చూడలేదు. మంచు గాలి మొహాన కొడుతుంటే సరోజన మళ్ళీ మూలిగింది. నేను గంగామణి ముక్కు దగ్గర ఒక దూది పింజ పట్టుకున్నాను, ఊపిరికి కదులుతుందా అని. అది కదిలేది. గాలికి కదులుతుందో ఊపిరికి కదులుతుందో తెలియదు. చెయ్యి అడ్డం పెట్టి చూడాలని తోచింది, పెట్టలేదు. కదులుతున్నంతసేపు చూస్తూ కూర్చున్నాను. "బోల్ పోరీ, వాళ్ళతోని మాట్లాడు, మాట బందు చెయ్యకు" అని కాక ముందు నుంచి అరుస్తూ ఉన్నాడు. నేను పోసవ్వ చారు గురించి, ఏరిన బియ్యం గురించి, ఏది నోటికి వస్తే అది చెప్పుకుంటూ పోయాను.

దవాఖానలో డాక్టరు గంగామణి కనురెప్పలు ఎత్తి చూసి మళ్ళీ మూశాడు. అంతే చేశాడు దానికి. సరోజన ముక్కుకు గొట్టం పెట్టారు. "గదిలో నిప్పులు పెట్టుకున్నారా?" అని అడిగాడు. నేను పొగ లేదు సార్ అన్నాను. "పొగ ఉంటే దగ్గొచ్చి బయటికి వచ్చేవాళ్ళు" అన్నాడు. మూసిన గదిలో బొగ్గు గాలి కనపడకుండా, వాసన లేకుండా రక్తంలో కలుస్తుందని, తలుపు సందు దగ్గర ఉన్న పిల్లకు కొంచెం గాలి అంది బతికిందని, నిప్పు మీదనే పడుకున్న పిల్లకు అందలేదని చెప్పాడు. అప్పుడు నాకు సిగిడి చేసిన పని అర్థమైంది.

సరోజన బాపు డ్యూటీ బట్టల్లోనే వచ్చాడు, కనుబొమల్లో బొగ్గు కూడా పోలేదు. డాక్టరు చెప్పింది విని గోడకు ఆనుకుని కూలబడ్డాడు. బాయి దిగేటప్పుడు విషగాలి ఉందేమో చూసుకుని దిగే మనిషి ఆయన. "బాయిల గాలి జూస్తం" అన్నాడు నన్ను చూసి. "ఇంట్ల ఎవలు జూస్తరు బిడ్డా."

గంగామణి వాళ్ళమ్మ వచ్చిన సంగతి నేను రాయలేను. రాయను. ఆమె బిడ్డను నిర్మల్ తీసుకుపోయింది. కర్మ చేసుకుని, పెట్టె తీసుకుపోవడానికి మళ్ళీ వచ్చింది. వచ్చి సరోజనను చూస్తానన్నది. సరోజన బాపు ఆమె ఎదురుగా నిలబడలేక గోడ వైపు తిరిగాడు. సరోజనకు అప్పటికి తెలివి వచ్చింది గానీ, ఆ ఆదివారం లేదు, దానికి ముందు వారం కూడా లేదు, తుడిచేసినట్టు పోయింది. "నాకేమైంది? గంగ ఏది? సలికి వణుకుతుంటది, దానికి దుప్పటి ఇచ్చిండ్రా?" అని అడుగుతూ ఉంది. మేము ఇంటికి పోయిందని చెప్పాము. అదే మళ్ళీ అడిగేది. గంగామణి వాళ్ళమ్మ మంచం దగ్గర నిలబడి ఆ మాట విన్నది. ఆమె గోళ్ళ సందుల్లో పసుపు రంగు ఇంకా ఉంది. సరోజన నుదుటి మీద చెయ్యి పెట్టి, "ఇచ్చిండ్రు బిడ్డా, వెచ్చగనే ఉంది" అన్నది.

బయటికి వచ్చి, వరండాలో మమ్మల్నందరినీ చూసి ఆమె చెప్పింది. "నా పిల్ల వణుకుతుంటె చూడలేక తెచ్చింది గా నిప్పు. చెడుకు తేలే. గిది దానికి ఎర్కయిందనుకో, అది బతుకది. ఒక్క పిల్ల పోయింది సాలు. ఇద్దరికీ జరమొచ్చిందని చెప్పుండ్రి." ఆమె నా వైపు తిరిగింది. "నువ్వు వీళ్ళతోనే ఉన్నవు గద, దానికి ఏమన్న యాదికొస్తె నిన్నే అడుగుతది. నువ్వు గట్టిగుండాలె బిడ్డా." నేను తల ఊపాను. ఆ వయసులో, ఏడుస్తూ, తల ఊపడం ఎంత సులువు.

మెదడు జ్వరమని చెప్పాము. సరోజన నమ్మింది. గంగామణి అదే జ్వరంతో పోయిందని మెల్లగా చెప్పినప్పుడు అది ఏడ్చిన ఏడుపులో దుఃఖమే ఉంది, అపరాధం లేదు. ఆ తేడా నాకు అప్పుడే తెలిసింది. మా ముగ్గురి చదువూ అక్కడితో ఆగిపోయింది. మా బాపు వచ్చి నన్ను తీసుకుపోయాడు. మారుతి కాక నంబర్ ఆ రోజు పోయిందనీ, మిల్లు ముందర ఇంకో రాత్రి ఎద్దులతో చలిలో పడుకున్నాడనీ మా మేనమామ చెప్పాడు. ఆయన్ను మళ్ళీ చూడలేదు. పోసవ్వ ఆ సిగిడిని పగలగొట్టి పారేసిందట.

సరోజన మతి మునుపటిలా కాలేదు. పెళ్ళయింది, బాయి కార్మికుడే, మంచివాడు. కూరలో ఉప్పు రెండుసార్లు వేసేది, పాలు పొయ్యి మీద మరిచేది, పక్కింటావిడ పేరు మరిచి నాకు ఫోన్ చేసి అడిగేది, నాకేం తెలుసు. కానీ దాని గొంతు పోలేదు, నవ్వు పోలేదు. కొత్త కాపురంలో మొదట చేసిన పని సిగిడి తయారు చేసుకోవడం. ఏటా దసరా దాటగానే దానికి కొత్త మట్టి మెత్తేది. నన్ను రమ్మని పిలిచేది. నేను కరీంనగర్ మీదుగా బస్సెక్కి పోయేదాన్ని. అది ఎర్రటి సిగిడి ముందర తడి జుట్టు విరబోసుకుని కూర్చునేది, నేను దర్వాజ దగ్గర కూర్చునేదాన్ని, వీపుతో తలుపును తెరిచి పట్టుకుని. "సలి వస్తది, పెట్టవే" అంటే, "నాకు ఉబ్బరమైతది" అనేదాన్ని. అట్లా ఎన్ని చలికాలాలో. దాని భయం కూడా నేనే పడ్డాను. హాస్టల్ ముచ్చట్లు చెప్పమనేది. పోసవ్వ పప్పు నుంచి, నీళ్ళ గోళెం మూత నుంచి అన్నీ చెప్పేదాన్ని, ఆ ఆదివారం పొద్దుటి దాకా వచ్చి, చుట్టూ తిరిగి మళ్ళీ పప్పు దగ్గరికి పోయేదాన్ని.

రెండేళ్ళ కింద అనుకుంటా, మేమిద్దరం టీవీ ముందర కూర్చున్నాము. ఎక్కడో చలికి ఒక కుటుంబం గదిలో బొగ్గులు పెట్టుకుని, తలుపులు మూసుకుని పడుకుని లేవలేదని చెబుతున్నారు. నేను చాయ్ గ్లాసు కింద పెట్టాను. సరోజన అది చూస్తూ, "అయ్యో. దర్వాజ బిగిచ్చుకున్నరట జూడు. గింతన్న తెల్వి లేకపాయె. చదువుకున్నోళ్ళే గదా" అన్నది. నేను టీవీ వైపే చూస్తున్నాను. అది నా వైపు తిరిగి, "మన హాస్టల్ల అంత సలికి మనం ఏం జేద్దుమే?" అని అడిగింది. నలభై ఏళ్ళుగా నేను కాచుకున్న ప్రశ్న అదే. ఇట్లా చాయ్ తాగుతుండగా వస్తుందని అనుకోలేదు.

"దుప్పట్లు కప్పుకుని ఒకరినొకరం పట్టుకుని పండుదుం" అన్నాను.

"అదే. గంగ కాళ్ళు మాత్రం మస్తు సల్లగుండె. గది నాకు మంచిగ యాదికుంది" అన్నది సరోజన. చాయ్ చల్లారిందని లేచి వంటింట్లోకి పోయింది.

ఇప్పుడు నా మనవరాలు కరీంనగర్‌లో హాస్టల్‌లో ఉండి చదువుతోంది. వేడినీళ్ళు గోడలోంచి వస్తాయి. రోజూ ఫోన్‌లో మొహం చూపిస్తుంది. మేము వారానికొక కార్డు ముక్క రాసేవాళ్ళం. అన్నీ మారినాయి అనుకుంటాను గానీ, మొన్న చూడటానికి పోతే గేటుకు బయట నుంచి తాళం ఉంది. నేను ఆ వాచ్‌మన్‌తో, ఇంకో తాళంచెవి లోపల ఎవరి దగ్గరుందో చూపించేదాకా కదలనని గొడవ పడ్డాను. మనవరాలు సిగ్గుతో చచ్చిపోయింది. గదిలోకి పోయి మొదట కిటికీ తీశాను. "నానమ్మకు గాలి పిచ్చి" అని దోస్తులతో చెప్పుకున్నదట. చెప్పుకోనీ.

ఆ పొద్దున శిరీష అట్లా సిగిడి తెచ్చి పెట్టినప్పుడు నేను ముందు దానికి ఈ కథంతా చెప్పాను. తల్లి కథ బిడ్డకు తెలియకుండా మీకు చెప్పడం నాకు బాగనిపించలేదు. అది విని చాలాసేపు సంచి వంక చూసింది. తిడుతుందనుకున్నాను. తల్లిని అన్నేళ్ళు అబద్ధంలో ఉంచినందుకు తిట్టినా నేను పడాల్సిందే.

"గా పెద్దమ్మ, నిర్మల్ల ఆమె, ఇంక ఉన్నదా అత్తా?"

"లేదు బిడ్డా. ఎన్నడో పోయింది."

"అవ్వకు చెప్పకుంట నువ్వొక్కదానివే దర్వాజ కాడ కూసుంటివి" అన్నది. లేచి ఆ సిగిడిని సంచిలోంచి తీసి ఎత్తుకుని, వరండా దాటించి, వాకిలి నడుమ ఆకాశం కింద పెట్టింది. బొగ్గు వేసి అంటుపెట్టింది. పొగ లేచింది, విసిరింది, పొగ పోయింది. ఎర్రబడ్డాక రెండు పీటలు తెచ్చి వేసింది. నేను వెనక్కి తిరిగి ఇంటి తలుపులు, కిటికీలు అన్నీ తెరిచి ఉన్నాయో లేదో చూసుకున్నాను. వాకిట్లో కూర్చోవడానికి అవి తెరవనక్కర్లేదని నాకూ తెలుసు. శిరీష నేను వచ్చేదాకా ఆగింది. నేను వచ్చి పీట ముందుకు జరుపుకుని, చెప్పులు విడిచి, కాళ్ళు నిప్పు దగ్గరికి చాపాను.